ఇద్దరికి చెల్లే కార్డు

మా క్లూన్‌బెగ్‌లో అరవయ్యారు నిండిన ప్రతివాళ్ళ జేబులోనూ ఒక కార్డుంటుంది. బస్సెక్కి దాన్ని మిషన్ మీద పెడితే చాలు, ఐర్లండ్ అంతా ఊరికే తిరిగి రావచ్చు. పెళ్ళయినవాళ్ళ కార్డు మీద ఇంకో చిన్న గుర్తు కూడా ఉంటుంది. అది ఉంటే భార్యకో భర్తకో కూడా టికెట్టు అక్కర్లేదు. కాకపోతే ఇద్దరూ కలిసి ఎక్కాలి. కార్డున్న మనిషి పక్కన లేకపోతే రెండోవాళ్ళు డబ్బులు కట్టాల్సిందే.

మావాళ్ళు ఈ కార్డుని వాడినట్టు ఇంకెవరూ వాడరు. గాల్వే దాకా పోయి, ఒక కప్పు టీ తాగి, సముద్రాన్ని నాలుగు తిట్లు తిట్టి సాయంత్రానికి ఇల్లు చేరే జంటలు మా వీధిలోనే ఎంతమందో. ఇంట్లో కూర్చుని పొయ్యిలో బొగ్గు తగలెయ్యడం దేనికి, బస్సులో వెచ్చగా ఉంటుందిగా అంటారు. ఒక్క ఫింటన్ గిల్‌రాయ్ కార్డు మాత్రం ఇచ్చిననాడు ఎలా ఉందో అలాగే ఉండేది, అంచు కూడా అరగలేదు.

ఫింటన్ మా ఊరి పశువుల సంతలో కాటా దగ్గర పనిచేశాడు. గిత్తలూ పెయ్యలూ ఒక్కొక్కటే వచ్చి ఆ ఇనప పలక మీద నిలబడేవి, ఈయన బరువు చెప్పేవాడు. ఆ మాటకి ఎదురు లేదు. కొనేవాడు అరిచినా అమ్మేవాడు ఏడిచినా కిలో ఇటు అటు చేసిన మనిషి కాదు. రిటైరయ్యాక కూడా గురువారం సంత మానలేదు. కటకటాల మీద మోచేతులు ఆనించి, వేరేవాడు చెప్పే బరువులు విని తల అడ్డంగా ఊపుతూ నిలబడేవాడు. తెల్లారి లేచి బూట్లు తుడుచుకుని ఆ పనికి పోయేవాడంటే ఆయనకి అదెంత ముఖ్యమో మీరే అర్థం చేసుకోండి.

భార్య ఇమెల్డా ఆయనకన్నా బాగా చిన్నది. ఆవిడకి కార్డొచ్చే వయసు రానేలేదు. మొన్న చలికాలం చివర్లో పోయింది. పోయిన సంగతి ఆఫీసులో చెప్పాలి. చెబితే ఆ గుర్తు తీసేసి కొత్త కార్డు పంపిస్తారు. ఫింటన్ చెప్పలేదు. కక్కుర్తి అనుకోకండి, ఆయన బస్సెక్కేదే తక్కువ. చర్చిలో పోయినవాళ్ళతో పాటు ఆవిడ పేరు చదివేశారు, బ్యాంకులో పేరు తీసేశారు, కరెంటు బిల్లు మీద కూడా మార్చేశారు. తాను ఇంకా పెళ్ళామున్న మొగుడేనని ఒప్పుకునేది ఆ ముక్క ఒక్కటే మిగిలింది. రాత్రి పర్సు బల్ల మీద పెట్టేముందు ఒకసారి తీసి చూసుకునేవాడు.

చావైన నెలకి చర్చిలో చేయించే పూజకి కోవెంట్రీ నుంచి ఇమెల్డా అక్క కన్సెప్టా వచ్చింది. ఇంగ్లండుకి పోయి నలభై ఏళ్ళు దాటినా ఆవిడ నోరు మాత్రం క్లూన్‌బెగ్‌లోనే ఉండిపోయింది. పూజ అయ్యాక చర్చి మెట్ల మీద, పది మంది వింటుండగా ఫింటన్ చెయ్యి పట్టుకుంది.

"నా చెల్లి చివరి రోజుల్లో డబ్లిన్ ఆసుపత్రికి అన్నిసార్లు తిరిగింది. నువ్వు పక్కనుండబట్టే తిరగ్గలిగింది. దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు నాయనా."

ఫింటన్ కాదనలేదు. అవుననీ అనలేదు. టోపీ చేతిలో తిప్పుతూ కిందకి చూశాడు, జనం దాన్ని దుఃఖం అనుకున్నారు. ఆసుపత్రి రోజు గురువారం. గురువారం సంత. మొదటిసారి ఇమెల్డాయే అంది, నువ్వొస్తే నిన్ను చూసుకోవడం నాకింకో పని, నేనే పోయొస్తాలే అని. ఆ మాట వినగానే ఫింటన్‌కి ఊపిరి పీల్చుకున్నట్టయింది. రెండోసారి ఆయన అడగలేదు, ఆవిడా ఏమీ అనలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆసుపత్రంటే భయం, అంతే. కానీ భయస్తుడి పక్కన జబ్బుతో బతకాల్సినవాళ్ళకి ఆ తేడా ఏం ఒరగబెడుతుందో నాకు తెలీదు.

కన్సెప్టా తిరిగి వెళ్ళే రోజు పొద్దున వంటింట్లో గొడవ మొదలైంది. ముందురోజు సమాధి దగ్గర వానలో నిలబడి ఆవిడ కోటు తడిపేసుకుంది. పొయ్యి పక్కన రాత్రంతా వేలాడదీసినా ఆరలేదు.

"ఇది వేసుకుంటే విమానం ఎక్కేలోపే నాకు నిమోనియా ఖాయం." అంటూనే తలుపు వెనక కొక్కేనికున్న ఇమెల్డా ఆకుపచ్చ కోటు చేతిలోకి తీసుకుంది.

"అది వద్దు." ఫింటన్ టీ కప్పు పక్కన పెట్టి లేచాడు.

"వద్దంటావేంటి? ఎత్తుకుపోతానా? ఎయిర్‌పోర్టులో విప్పి నీ చేతికే ఇస్తాలే."

"నేను ఎయిర్‌పోర్టుకి ఎందుకొస్తాను? బస్సు చౌక్‌లోనే ఎక్కుతావుగా."

కన్సెప్టా కుర్చీ లాక్కుని కూర్చుంది. అలా కూర్చుందంటే ఏదో లెక్క తేలేదాకా లేవదని మా ఊరందరికీ తెలుసు.

"నువ్వు రాకపోతే నాకు టికెట్టవుతుంది కాబట్టి వస్తావు. కోవెంట్రీలో నేను బస్సుకి డబ్బులిచ్చి ఎన్నేళ్ళయిందో తెలుసా? నా కార్డు ఇక్కడ చెల్లదట. ఇదేమన్నా చంద్రమండలమా! వచ్చినప్పుడు కట్టాను, ఆ మంట ఇంకా చల్లారలేదు. నీ కార్డు మీద ఇద్దరికి చెల్లుతుందిగా?"

"అది ఇమెల్డాకి."

"ఇమెల్డాకి అక్కర్లేదిప్పుడు. నేను దాని తోడబుట్టినదాన్ని. ముక్కూ మొహం ఒకటే. ఎవడు కనిపెడతాడు?"

"తప్పు కన్సెప్టా. జన్మలో నేనలాంటి పని చెయ్యలేదు."

"నిన్నేం బ్యాంకు దోచుకు రమ్మన్నానా? బస్సులో ఎలాగూ ఉన్న సీటే. పైగా నాకు మోకాలు నొప్పి, పెట్టె మొయ్యలేను. నా చెల్లి బతికుంటే నన్ను ఒంటరిగా పంపించేదా?"

ఆ ఆఖరి మాటతో ఫింటన్ ఒప్పేసుకున్నాడు. అయినా ఒప్పుకున్నది ఆ మాటకే అంటే నేను నమ్మను. కన్సెప్టా లేచి తన తడి కోటు ప్లాస్టిక్ సంచిలో కుక్కి, ఆకుపచ్చ కోటు తొడుక్కుని, గుమ్మం పక్కనున్న అద్దం ముందు అటు తిరిగి కాలరు సర్దుకుంది. వెనకనుంచి అచ్చం ఇమెల్డాయే. ఒక స్త్రీని పక్కన పెట్టుకుని బస్సెక్కి, "ఇద్దరం" అని ఒక్కసారి అనాలని ముసలాయనకి ఆశ పుట్టింది. ఆ ఆశ పుట్టినందుకు అప్పుడే సిగ్గేసింది. సిగ్గేసినా టోపీ పెట్టుకున్నాడు.

చౌక్‌లో బస్సు ఆగి ఉంది. ఈ బస్సు డబ్లిన్ ఊళ్ళోంచి పోయి విమానాశ్రయం దగ్గర ఆగుతుంది, సాయంత్రం అదే తిరిగొస్తుంది. లైన్లో తెలిసినవాళ్ళెవరూ లేకపోవడం చూసి ఫింటన్ దేవుడికి దండం పెట్టుకున్నాడు. దేవుణ్ణి ఇలాంటి పనుల్లోకి లాగకూడదు. డ్రైవరు కూడా కొత్త మొహమే, నలభై దాటిన మనిషి, గడ్డంలో అక్కడక్కడ తెలుపు. ఫింటన్ కార్డు మిషన్ మీద పెట్టాడు. ఇంట్లోంచి చౌక్ దాకా మనసులో వల్లించుకున్న మాట అప్పుడు గుర్తు రాలేదు. వెనకనుంచి కన్సెప్టా వీపు మీద ఒక్క పొడుపు పొడిచింది.

"ఇద్దరం... నేనూ, మా ఆవిడా. ఎయిర్‌పోర్టుకి."

డ్రైవరు తలెత్తి ముందు కోటుని చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో రంగు పోయింది. తర్వాత కోటులో ఉన్న మనిషిని చూశాడు. తర్వాత కార్డు మీది పేరు చూశాడు, చాలాసేపు చూశాడు. ఫింటన్‌కి చెవులు కాలిపోతున్నాయి. మోసగాళ్ళని కాటా దగ్గర ఎంతమందిని చూడలేదు! తూకానికి ముందు దూడకి కడుపు పగిలేలా నీళ్ళు తాగించి, ఏమీ ఎరగనట్టు నిలబడే రైతుల మొహాలు ఆయనకి బాగా తెలుసు. ఇప్పుడు తన మొహం అలాగే ఉందని అద్దం లేకుండానే తెలిసింది.

"కూర్చోండి సార్," అన్నాడు డ్రైవరు మెల్లగా. "మీరు కూడా, అమ్మా."

డ్రైవరు వెనక సీటే ఖాళీగా ఉంది. కన్సెప్టా అందులో కూలబడబోతే ఫింటన్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని బస్సు మధ్యకి లాక్కుపోయాడు. ఆవిడ పెట్టె బస్సు కింద సామాన్ల అరలో వేసి వచ్చి ఎదుటి సీటు వీపుని చూస్తూ కూర్చున్నాడు.

"చూశావా? ప్రాణం పోయిందా?" కన్సెప్టా సంచిలోంచి హ్యామ్ శాండ్‌విచ్ తీసింది. "ఇంద, తిను. ఒంట్లో రక్తం లేనట్టున్నావు."

"మెల్లగా మాట్లాడు."

"భార్య అన్నాక మెల్లగా మాట్లాడుతుందా? నువ్వే చెప్పు."

ఫింటన్ నవ్వలేదు. దారి పొడుగునా అద్దంలో డ్రైవరు కళ్ళు తన మీదే ఉన్నట్టనిపించింది. రెండుసార్లు ఆ కళ్ళు నిజంగానే కలిశాయి. రెండుసార్లూ డ్రైవరే ముందు చూపు తిప్పుకున్నాడు. తప్పు చేసినవాణ్ణి నేనైతే ఈయనెందుకు తల తిప్పుకుంటున్నాడని ఫింటన్‌కి ఇంకా భయం పట్టుకుంది. ములింగర్ దగ్గర వాన మొదలైంది. కన్సెప్టా తిని, చేతులు దులుపుకుని, చెల్లెలి గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఈ దారేగా మీరు ఆసుపత్రికెళ్ళింది?"

"ఈ దారే."

"వచ్చేటప్పుడు బాగా నీరసంగా ఉండేదా?"

"నిద్రపోయేది." అది అబద్ధం కాదు, ఇంటికొచ్చాక నిద్రపోయేది. చౌక్‌లో కారేసుకుని ఎదురుచూసేది తనే. తలుపు తీసి కూర్చోబెట్టేది తనే. ఆ మాత్రం చేశానని ఎన్ని రాత్రులు తనకి తాను చెప్పుకున్నాడో.

"నీ భుజం మీద తల పెట్టుకునేదా?"

ఫింటన్ కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచాడు. తల ఊపాడో బస్సు కుదుపుకి ఊగిందో చెప్పడం కష్టం. కన్సెప్టాకి అది చాలింది. కోటు జేబులోంచి చేతిరుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది. ఆ రుమాలు ఇమెల్డాది.

విమానాశ్రయం దగ్గర అందరూ దిగాక వాళ్ళు దిగారు. డ్రైవరు వానలో పెట్టెలు తీసి ఒక్కొక్కటే కింద పెడుతున్నాడు. కన్సెప్టా పెట్టె ఆఖరున తీశాడు. దాన్ని ఆవిడ చేతికివ్వకుండా పక్కన పెట్టి, టోపీ తీసి, ఫింటన్ వైపు చెయ్యి చాపాడు.

"మీకొచ్చిన కష్టానికి బాధగా ఉందండీ ఫింటన్ గారూ."

మా దగ్గర చావింటికి వచ్చిన ప్రతివాళ్ళూ అనే మాట ఇదొక్కటే. వరసలో నిలబడి, చెయ్యి కలిపి, ఈ మాట అని ముందుకి నడుస్తారు. ఇమెల్డాని శవపెట్టెలో పడుకోబెట్టిన సాయంత్రం ఆ వరస మా వీధి చివర దాకా ఉంది. ఫింటన్ అందరి చేతులూ పట్టుకున్నాడు, ఒక్క మొహమూ చూడలేదు. ఇప్పుడు అరచేతికి ఈ మనిషి చెయ్యి తగలగానే ఆయనకి అంతా అర్థమైంది.

"మీరు ఆవేళ మా ఇంటికొచ్చారా?"

"వచ్చానండీ. నా పేరు డర్మట్. మీకు గుర్తుండదు, ఎంతమందని గుర్తుంటారు." డర్మట్ గొంతు తగ్గించాడు. "పొద్దున నేనేమీ అనలేదు, ఎవరికీ అనను కూడా. ఆ కోటు చూసి ఒక్కసారి నా గుండె ఆగినంత పనైంది. ప్రతి గురువారం నా వెనక సీట్లోనే కూర్చునేది ఆవిడ." కన్సెప్టా వైపు తిరిగాడు. "మీరు అక్కగారా? పోలిక తెలుస్తోంది."

"అక్కనే నాయనా." కన్సెప్టాకి దొరికిపోయామన్న బెరుకు కూడా లేదు, చెల్లెల్ని ఎరిగిన మనిషి కనపడ్డాడు, అంతే. "పాపం, ఇద్దరూ ఈ బస్సులోనే తిరిగేవాళ్ళు కదూ?"

"ఇద్దరా?" అన్నాడు డర్మట్.

ఫింటన్‌కి ఆ మాట అక్కడ ఆపమని అరవాలనిపించింది.

"లేదమ్మా, ఆవిడొక్కరే. టికెట్టు కొనుక్కుని ఎక్కేది. నేనే అనేవాణ్ణి, మీ ఆయనకి కార్డుందిగా, ఆయన్ని వెంటబెట్టుకొస్తే మీరు ఊరికే రావచ్చు కదండీ అని. 'ఆయనకి గురువారం సంత ఉంటుంది డర్మట్, ఆయన లేకపోతే అక్కడ తూకాలు తప్పుతాయి' అనేది నవ్వుతూ. తిరిగొచ్చేటప్పుడు ఏం మాట్లాడేది కాదు. చౌక్ లైట్లు కనపడగానే మాత్రం జుట్టు సర్దుకునేది. 'అదిగో, వచ్చాడు చూడు' అని మీ కారు చూపించేది..." అంటూ డర్మట్ ఇద్దరి మొహాలూ చూశాడు. ఎక్కడ కాలేశాడో అప్పటికి తెలిసింది ఆయనకి. టోపీ పెట్టేసుకుని, "నేను... నా నోరు..." అని ఆగిపోయాడు.

పక్క బస్సులోంచి జనం చక్రాల పెట్టెలు లాక్కుంటూ వీళ్ళని తప్పుకుని పోతున్నారు.

కన్సెప్టా అరుస్తుందనుకున్నాడు ఫింటన్. అరిస్తే బాగుండుననుకున్నాడు. ఆవిడ చేతిసంచి తెరిచి పర్సు తీసింది.

"డ్రైవరు గారూ, నాకు టికెట్టు కొట్టండి."

"అయ్యో, వద్దమ్మా. మిషన్ కట్టేశాను."

"అయితే చేతికి పుచ్చుకోండి. క్లూన్‌బెగ్ నుంచి ఇక్కడికి, ఒక మనిషికి." నోట్లు డర్మట్ అరచేతిలో కుక్కి, ఆయన వేళ్ళు తనే మూసింది. "నేనీయన భార్యను కాను. నా చెల్లి తన టికెట్టు తను కొనుక్కునే తిరిగింది."

ఆ తర్వాత ఫింటన్ వైపు తిరిగింది. కళ్ళలో కోపం కన్నా వేరే ఏదో ఉంది, దాన్ని భరించడం ఆయన వల్ల కాలేదు.

"నాకు మోకాలు నొప్పి, రాలేనే అని ఫోన్లో ఏడిస్తే, ఫింటన్ ఉన్నాడుగా అక్కా, నువ్వెందుకు అంది. నువ్వు పక్కనుంటావనే కదా ఫింటన్, నేను రాకుండా ఊరుకున్నాను. నొప్పి ఏముంది, కుంటుకుంటూ వచ్చేదాన్ని. పాక్కుంటూ అయినా వచ్చేదాన్ని."

"కన్సెప్టా..."

"చర్చి మెట్ల మీద నీ చెయ్యి పట్టుకున్నాను నేను. ఊరందరి ముందు."

ఫింటన్ వానలో తల దించుకుని నిలబడ్డాడు. నేను భయపడ్డాను అన్న రెండు మాటలు అంటే సరిపోయేది. క్షమించేది కాదు గానీ వినేది. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ రెండు మాటలూ ఆయన నోట్లోంచి ఎవరి దగ్గరా రాలేదు, భార్య దగ్గర రానివి వదిన దగ్గరేం వస్తాయి! సిగ్గుతో ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. దొంగ ప్రయాణం సంగతి డర్మట్‌కి తెలిసినందుకు కాదు ఆ సిగ్గు. ఆ కార్డు మీద ఇద్దరం అని ఆయన అన్నది జన్మలో అదే మొదటిసారి. అనాల్సిన మనిషి పక్కన ఒక్కసారి కూడా నిలబడి అనలేదు.

కన్సెప్టా పెట్టె పట్టుకుంది. ఇచ్చిన మాట గుర్తొచ్చి కోటు గుండీ మీద చెయ్యి వేసింది. ఫింటన్ కూడా చెయ్యి కాస్త చాపాడు. ఆవిడ ఆ చేతిని చూసి, విప్పబోయిన గుండీ తిరిగి పెట్టుకుని, దాని పైనున్నదీ పెట్టుకుని, కాలరు మెడ చుట్టూ లాక్కుంది. గాజు తలుపులు తెరుచుకున్నాయి. కుంటుకుంటూ పెట్టె లాక్కుపోతున్న ఆకుపచ్చ కోటు జనంలో కలిసేదాకా ఆయన చూశాడు. అది నాది, ఇచ్చెయ్యి అని అడగడానికి మొహం చెల్లలేదు. తడి కోటున్న ప్లాస్టిక్ సంచి ఆయన కాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం దాకా లోపల ఒక బెంచీ మీద కూర్చున్నాడు. టీ కొన్నాడు గానీ తాగలేదు. ఇటునుంచి అటు పోయే మొగుడూ పెళ్ళాలని చూశాడు. నువ్వు మందులు పెట్టావా అంటే నువ్వే పెట్టావనుకున్నాను అని కీచులాడుకునేవాళ్ళే అందరూ. డర్మట్ ఒకసారి అటుగా వచ్చి, దూరంనుంచే చూసి, ఏమనాలో తెలియక వెళ్ళిపోయాడు.

బస్సు తలుపు తెరుచుకున్నప్పుడు ఫింటన్ అందరికన్నా వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చాక కార్డు పెట్టాడు. మిషన్ ఎప్పటిలాగే ఇద్దరికి సరే అన్నట్టు పచ్చగా వెలిగింది.

"ఒక్కడినే," అన్నాడు.

ఆ మాట ఆయన పైకి అనడం ఇదే మొదలు. డర్మట్ చూపు తిప్పుకోలేదు.

"తెలుసండీ. కూర్చోండి." తన వెనకున్న సీటు వైపు గడ్డంతో చూపించి మెల్లగా అన్నాడు. "ఖాళీగానే ఉంది. ఆవిడ కిటికీ పక్కన కూర్చునేది."

ఫింటన్ ఆ సీటు దగ్గర ఆగాడు. దాని అంచు మీద ఒకసారి చెయ్యి పెట్టాడు. అంతలో వెనకనుంచి పరుగెత్తుకొచ్చి ఎక్కిన ఒక మనిషి అడిగాడు.

"మీరు కూర్చుంటున్నారా పెద్దాయనా?"

"లేదు బాబూ, నువ్వు కూర్చో." తడి కోటు సంచి గుండెకి ఆనించుకుని, వెనక్కి, అందరికన్నా వెనక్కి నడిచాడు.